ఖాదర్ భాయ్ ఫోటో

తొంభైల మొదట్లో మాట. మా జిల్లాలో దినపత్రిక విలేకరి పని మానేసి, ఒమన్‌లోని సూర్‌లో ఒక కంపెనీలో గుమాస్తాగా చేరాను. నా రూమ్‌లో ఉండే హైదరాబాదీ ఖాదర్ భాయ్ అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. వరుసగా మూడేళ్లు కప్పు గెలిపించాడు. కానీ వీసా మీద వచ్చింది మాత్రం తాపీమేస్త్రీగా. లేబర్ కార్డులో రాసిన పని కాక వేరే పని చేస్తే అక్కడ నేరం.

ఆ సంగతి తెలిసీ, మూడో కప్పు గెలిచాక నా చెయ్యి ఊరుకోలేదు. అతని పేరు, ఫోటోతో మస్కట్ పత్రికకు వార్త పంపాను. అచ్చయ్యాక సంబరంగా చూపిస్తే అతని ముఖం పాలిపోయింది.

“ఒక్క మాట అడగక పోతివి భాయ్! కార్డుల నేను మేస్త్రీని గదా!”

“ఇంత మంచి వార్తకు ఎవరేమంటారు?” అన్నాను.

వారం తిరక్కుండా, ఆ కటింగ్ పట్టుకునే తనిఖీ అధికారులు మైదానానికి వచ్చారు. కాలేజీవాళ్లు అతనెవరో తెలియదన్నారు. అతన్ని దేశం నుంచి పంపించేయాలని తేల్చారు.

“ఫోటో అయితే మస్తుగ వచ్చింది. ఇంట్ల చూపిస్త,” అని కటింగ్ జేబులో పెట్టుకుని ఖాదర్ భాయ్ విమానమెక్కాడు.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ, తప్పు రాస్తే మర్నాడు సవరణ వేసేవాణ్ణి. ఆ వార్తలో సవరించడానికి ఒక్క తప్పూ లేదు.