గట్టిమేళాన్ని మరిచిన అక్క

ఉన్నట్టుండి పెద్ద శబ్దం వస్తే మా చెల్లెలు కళ్లు తిరిగి పడిపోతుంది. అందుకే పుంగనూరులో దాని పెళ్లికి వేయాల్సిన సినిమా పాటలన్నీ ముందే మదనపల్లెలో కూర్చుని విన్నాను. హఠాత్తుగా డ్రమ్ములు విరుచుకుపడే వాటిని తీసేశాను. పాటలంటే చెవి కోసుకునే నేను పాటలకే కోత పెట్టాను!

ముహూర్తం వచ్చింది. పెళ్లికొడుకు తాళి ఎత్తగానే పురోహితుడు చెయ్యి పైకెత్తి, "గట్టిమేళం!" అన్నాడు. పాటల ధ్యాసలో మేళగాళ్లకు చెప్పడమే మరిచాను.

రెండు డోళ్లు ఒక్కసారిగా ఉరిమాయి. చెల్లెలి ముఖం పాలిపోయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఒక డోలును కావలించుకున్నాను.

"యాలమ్మా, పూనకం గానీ వచ్చిందా?" అని డోలాయన అరిచాడు. రెండో డోలు మోగుతూనే ఉంది.

భయంగా వెనక్కి తిరిగాను. పెళ్లికొడుకు తాళిని వేళ్లకు వేలాడేసుకుని, రెండు అరచేతులతో చెల్లెలి చెవులు మూసి ఉన్నాడు.

"ముహూర్తం దాటిపోతాండాది, కట్టప్పా!" అన్నాడు పురోహితుడు.

"మేళం నిలిపితేనే కడతా సామీ."

పురోహితుడు చెయ్యి దించాడు. ఆ నిశ్శబ్దంలోనే మూడు ముళ్లూ పడ్డాయి.

పెళ్లి వీడియోలో ఆ చోట మా అమ్మ ముక్కు చీదుకోవడం తప్ప ఏమీ వినిపించదు. అది చూసినప్పుడల్లా, చెల్లెలిని కుప్పంలో అత్తారింటికి పంపామన్న బెంగ నాకు కలగదు.