చర్చి మీద లీన్

ఎనభైలలో ప్లేనోలో మా తెలుగు చర్చికి కొత్త హాలు కట్టినప్పుడు కరెంటు పనంతా మావారే చేశారు. పని అయిపోయింది, డబ్బు మాత్రం రాలేదు. బిల్డింగ్ కమిటీ పెద్దాయన ప్రతి ఆదివారం మావారి రెండు చేతులూ పట్టుకుని, "నెక్స్ట్ మంత్ తప్పకుండా బ్రదర్" అనేవాడు.

చివరికి లాయర్‌ని కలిశాం. బాకీ తీరేదాకా ఆ హాలును అమ్మడానికి వీల్లేకుండా దాని మీద లీన్ వేయవచ్చట. కాని ఆ నెల దాటితే మాకు ఆ హక్కు పోతుందట. శుక్రవారం కౌంటీ ఆఫీసులో ఫైల్ చేశాం. నోటీసు సోమవారం పోస్టులో చర్చికి చేరుతుంది.

మధ్యలో ఆదివారం ఉంది. మావారు బిగించిన లైట్ల కిందే కూర్చున్నాం. పాస్టరుగారు మా కుటుంబం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. దేవుని ఇంటికే అడ్డం పడ్డామన్న బెదురుతో నేను తల ఎత్తలేకపోయాను.

భోజనాల దగ్గర ఆ పెద్దాయన నా ప్లేటులో బిర్యానీ వడ్డిస్తూ మెల్లగా అన్నాడు: "ఈ మంత్ ఎండ్ దాకా ఓపిక పట్టండి సిస్టర్. ఆ తర్వాత ఎవరికీ ఏ ప్రాబ్లమూ ఉండదు."

గడువు సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. అన్నాళ్ళూ చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడనుకున్నాం. కదలకుండా పట్టి ఉంచాడు.

"రేపు మెయిల్ చూసుకోండి బ్రదర్" అన్నాను.

ఆయన నవ్వు చెదరలేదు. గరిటె మాత్రం గాలిలో ఆగిపోయింది.

డబ్బు వచ్చింది. ఆ హాల్లో మా చెయ్యి పట్టుకునేవాళ్ళే లేకుండా పోయారు.