రూతమ్మ సెలవు పెట్టిన రోజు

2009లో నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడిని. ఒంటికి కట్టుకునే హోల్టర్ రికార్డర్లు తయారుచేసేవాళ్ళం. ఛాతీకి అతికించిన తీగల ద్వారా ఒక పగలు, ఒక రాత్రి గుండె నడకను నమోదు చేసే పరికరం అది. నడుము బెల్టులో ఇమిడిపోతుంది. ఆసుపత్రిలో కొద్దిసేపు తీసే ఇ.సి.జి.కి చిక్కని తేడా దీనికి చిక్కుతుంది. క్లినిక్‌ల నుంచి వచ్చే ఫిర్యాదులు చూడటం నా పని.

ఎక్కువ ఫిర్యాదులు గీత బాగా రాలేదనే. మనిషి కదిలితే తీగలు కదులుతాయి, గుండె గీత మీద పిచ్చిగీతలు పడతాయి. దాన్ని ఆర్టిఫాక్ట్ అంటాం. అది తగ్గడానికి మా సర్వీసు విభాగం ప్రతి పరికరంతో ఒక చీటీ పంపేది: 'ఇది కట్టుకున్న రోజు బరువు పనులు చెయ్యకండి. వీలైతే విశ్రాంతి తీసుకోండి.' చీటీ మొదలయ్యాక ఫోన్లు తగ్గాయి. అందరికీ హాయిగా ఉంది.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో గొడవ చేస్తున్నారంటే నేనూ, సర్వీసు శ్రీనివాసూ వెళ్ళాం. నలభై ఏళ్ళ మనిషి, పేరు రూతమ్మ. మల్లాపూర్‌లో డబ్బా మూతలు కొట్టే వర్క్‌షాపులో పవర్ ప్రెస్ మీద పనిచేస్తుంది. చీటీ మీద మా అడ్రసు చూసి, భోజనం వేళ నడిచి వచ్చింది.

"మీ మిషిన్ అబద్ధం జెప్పింది సారూ."

"ఏమైందమ్మా?"

"రేకుల కట్ట మోసుకొచ్చి ప్రెస్ కాడ కూసోంగనే కండ్లు తిర్గుతున్నయి. ఉప్పల్ల డాక్టర్‌కు సూపిస్తే మీ డబ్బా కట్టిండు. అంతా నార్మల్ అని రాసిచ్చిండు. గా కాయితం జూసి మా సేటు మళ్ళ మిషిన్ మీద కూసోవెట్టిండు. నిన్న మళ్ళ తిర్గినయి. చెయ్యి లోపట ఉన్నది. పక్క పిల్ల గుంజకపోతే వేళ్ళు పోతుండె."

"జర కొన్ని దినాలు పని బంద్ వెట్టరాదక్కా," అన్నాడు శ్రీనివాస్.

"పెడ్త. మా ఇంట్ల నలుగురున్నరు. నువ్వొచ్చి వండిపెడ్తవా తమ్మీ?"

డబ్బా కట్టుకున్న రోజు ఎప్పుడెప్పుడు కళ్ళు తిరిగాయో చెప్పమన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఆ దినం తిర్గలే. పనికి పోతే గద తిర్గేది! సెలవు వెట్టి పండుకున్న. మీ చీటీల్నే గట్ల రాసుండె."



నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఆమె ఫైల్లో ఆఖరి రిపోర్టు కూడా నార్మలే. ఆ సాయంత్రం నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. బండి మీద ఉప్పల్ దాకా వెళ్ళి, క్లినిక్ ముందు ఆగి, లోపలికి పోకుండా తిరిగొచ్చాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, రూతమ్మకు పనిరోజున ఇంకోసారి కట్టమని అడిగాను.

"పనిలో కట్టుకుంటే అంతా చెత్తే వస్తుంది. ఆ మాట మీవాళ్ళే చెప్పారు కదయ్యా," అన్నారు డాక్టరు.

"రానివ్వండి సార్. నేను కూర్చుని ఏరతాను."

ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆ రోజు ఆమె ప్రెస్ ముట్టుకోకూడదు. రేకుల కట్టలు మాత్రం రోజూలాగే మొయ్యాలి, తోడు ఒకరుండాలి. సేటు గొణిగాడు గానీ కాదనలేదు. కళ్ళు తిరిగినప్పుడల్లా రికార్డర్ మీది బటన్ నొక్కమని రూతమ్మకు చూపించాను. నొక్కిన వేళ గీత మీద గుర్తు పడుతుంది.

రికార్డు డాక్టరు చెప్పినట్టే వచ్చింది. పనివేళల్లో చాలా భాగాన్ని మా సాఫ్ట్‌వేర్ ఆర్టిఫాక్ట్ అని తనంతట తనే తీసేసింది. ఆ వడపోత ఆపి, బటన్ గుర్తుల దగ్గర గీతను సాగదీసి చూశాను. పిచ్చిగీతల మధ్య గుండె కొట్టుకున్న మొనలు కనిపిస్తూనే ఉన్నాయి. బరువు ఎత్తాక పెరుగుతూ వచ్చిన వేగం ఉన్నట్టుండి సగానికి పడిపోయింది. ప్రతి గుర్తు దగ్గరా అదే.

డాక్టరు చాలాసేపు తెర మీదికి వంగి చూశారు. తర్వాత రూతమ్మను పిలిచి పేస్‌మేకర్ పెట్టాలన్నారు. కాలర్ బోన్ కింద చర్మం లోపల అమర్చే చిన్న పరికరం, గుండె లయ తప్పకుండా చూస్తుందని వివరించారు.

"అది వెడితే మళ్ళ ప్రెస్ మీద కూసోవచ్చునా సార్?"

"ముందు నిన్ను నిలబెట్టనివ్వమ్మా."

"నిలవడితే ఏమొస్తది సార్? కూసుంటేనే గద జీతం."

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు, జవాబు కోసం నిలబడింది. కొన్నాళ్ళ తర్వాత కూర్చోవచ్చని ఆయన మాట ఇచ్చాకే సరేనంది. ప్రభుత్వ దవాఖానాలో పెట్టారు. కొన్ని నెలలు ప్యాకింగులో ఉండి, తర్వాత తన ప్రెస్ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ కళ్ళు తిరగలేదు.

చీటీ మార్చమంటే మా మేనేజరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. క్లినిక్‌ల నుంచి మళ్ళీ ఫోన్లు మొదలవుతాయన్నాడు. ఎత్తేది నేనే కదా అన్నాను. చివరికి కొత్త చీటీ వెళ్ళింది: 'ఇది కట్టుకున్న రోజు మీరు రోజూ చేసే పనే చెయ్యండి.' ఫోన్లు నిజంగానే మొదలయ్యాయి. "మంచిగ పండుకున్న ఫోన్‌ను లేపితివి గదన్నా," అని శ్రీనివాస్ విసుక్కునేవాడు.

గీతంతా చెత్తగా ఉంది, మీ పరికరం పనికిరాదు అని అవతలివాళ్ళు కోప్పడేవారు. అంతకు ముందైతే తీగలు సరిగా అతికించారా అని మొదలుపెట్టేవాడిని. రూతమ్మ తర్వాత వేరే ప్రశ్న ముందు అడగడం నేర్చుకున్నాను.

"ఆ వేళకు పేషెంట్ ఏం పనిలో ఉన్నారు సార్?"

"అడగలేదు," అనేవారు.

"అడగండి సార్. నేను లైన్లోనే ఉంటాను."