పెన్సిల్ రుద్దినా పడని నంబరు

ఇరవై ఏళ్లుగా మా మోటారుసైకిలు బండిని చూసుకునేది నేనే. ఆయిలు నేనే మారుస్తాను, చైను నేనే కడుగుతాను. పనిలో వేలు పెడతానని ఉదయగిరి మెకానిక్కులు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటారు. దాని మీద హంపి పోయినాను, కన్యాకుమారి పోయినాను, నా భార్యని వెనక కూచోబెట్టుకోని రామేశ్వరం దాకా పోయి వచ్చినాను. అట్లాంటి బండి గొంతు నా చేతులారా నేనే కోసినాను. ఇంకెవర్ని తిట్టేది?

రిజిస్ట్రేషను గడువు అయిపోవస్తా ఉండాది. ఇంకో అయిదేళ్లు పొడిగించాలంటే ఆత్మకూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూసి సరే అనాల. అనకపోతే అది పాత ఇనుము కిందే లెక్క. దాని అవతారం చూడంగానే వద్దంటాడేమోనని నాకు భయం పట్టుకునింది. రంగేయిస్తానన్నాను.

"బాగానే ఉండాది గదా, ఇప్పుడెందుకబ్బా దానికి సింగారం?" అనింది నా భార్య. నేను వింటేగా!

తుప్పు చుక్క కనపడకూడదని పెయింటరుకి పదిసార్లు చెప్పినాను. వాడు పాపం చెప్పింది చెప్పినట్టు చేసినాడు. గ్రైండరు పెట్టి ఫ్రేమంతా గీకి, సొట్టల్లో లప్పం పెట్టి పూడ్చి, తళతళా నల్లరంగు కొట్టినాడు. సైలెన్సరు కూడా కొత్తది బిగించమన్నాను. ఇంటికి తెస్తే మా ఆమె చుట్టూ తిరిగి చూసి, "ఎవురిదిది?" అనింది. నేను మురిసిపోయినాను. బుద్ధి ఉండాల్నా వద్దా మనిషికి?

ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూసినాడు, లైట్లు చూసినాడు, బాగున్నాయన్నాడు. ఇంక మిగిలింది ఛాసిస్ నంబరు. అది హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద చెక్కి ఉంటాది. దాని మీద కాయితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు పడాల. ఆయన రుద్దినాడు. కాయితం నల్లగా అయిందే గానీ అంకె పడలేదు. ఇంకో కాయితం పెట్టినాడు, అదీ అంతే. తాళంచెవి తీసి ఆ కొత్త రంగుని బరబరా గీకినాను. రంగు కింద లప్పం, లప్పం కింద నున్నటి ఇనుము. మొదటి రెండు అంకెలు లీలగా కనపడతా ఉండాయి, మిగతావన్నీ గ్రైండరు తినేసింది.

"దొంగబండ్లకి చేస్తారు సార్ ఇట్లా," అన్నాడాయన.

"ఇరవై ఏళ్లుగా నాది సార్ ఇది! ఇంజను నంబరు చూడండి, ఆర్సీతో సరిపోతాది గదా!" అని అరిచినాను.

"ఇంజను ఏ ఫ్రేములోనైనా బిగించొచ్చు. పోలీసు స్టేషన్లో విచారణ చేయించి కాయితం తెచ్చుకోండి. అది లేకుండా నేను సంతకం పెట్టలేను."

ఆయన్ని అనేదానికేముంది, నా మొహం! బండి తీసుకోని స్టేషనుకి పోయినాను. అక్కడ రాతపని చూసే రైటరు ఆర్సీ తిరగేసి, "కాయితం సరే సార్. ఈ బండే మీదని పోల్చుకునేదానికి గుర్తులేమైనా ఉండాయా?" అన్నాడు.

లేకేం అని మొదలుపెట్టినాను. కలువాయి రోడ్డులో గొర్రెలమంద అడ్డమొచ్చి పడినప్పుడు ట్యాంకు ఎడమపక్క అరచెయ్యంత సొట్ట. హంపిలో ఫుట్‌రెస్టు విరిగితే వెల్డింగు పెట్టించిన లావుపాటి అతుకు. రామేశ్వరం నుంచి తిరిగొస్తా మా ఆమె నా వీపుకానుకోని కునుకు తీస్తే, రబ్బరు చెప్పు సైలెన్సరుకి అంటుకోని కరిగి మాడిన మచ్చ. పదేళ్లు రుద్దినా పోలేదది. చెప్తా ఉంటే నాకే హుషారొచ్చింది.

రైటరు అన్నీ రాసుకోని బయటికొచ్చినాడు. ట్యాంకు తడిమినాడు. ఫుట్‌రెస్టు చూసినాడు. వంగి సైలెన్సరు చూసినాడు.

"ఏవి సార్?"

నేనూ వంగి చూసినాను, అంతా తళతళా కొత్తగా ఉండాది.

విచారణ అయ్యేదాకా బండి ఇక్కడే ఉండాలన్నాడు. లోపలికి పోయి, రాసిందంతా అడ్డంగా కొట్టేసి, గుర్తులు అనే చోట "ఏమీ లేవు" అని రాసినాడు. చదువుకోని సంతకం పెట్టమన్నాడు. పెట్టినాను.