గాజు సైజు సీలు

మా పాత ట్రాక్టరుకు ఇంజన్ మొత్తం విప్పి చేయించినాం. సిలిండర్లకు బోరు కొట్టిచ్చినాం, పిస్టన్లు మార్చినాం, రంగు కూడా ఏయించినాం. పెండ్లికూతురు మాదిరి తయారైంది గానీ ముక్కు కారడం మాత్రం ఆగలా. ఇంజన్‌కు ముందర బెల్టు తిరిగే పుల్లీ ఉంటాది గదా, దాని ఎనకాల ఒక ఆయిల్ సీలు ఉంటాది. గుండ్రంగా, రబ్బరుది, చేతిగాజంత. పుల్లీ మెడను పట్టుకోని లోపలి నూనె బయటికి రాకుండా ఆపడమే దాని పని. ఆ ఒక్క పనీ అది చేయదు. మా ఎనుము ఇచ్చే పాలకంటే ట్రాక్టరు కార్చే నూనే ఎక్కువ.

మెకానిక్ భాయ్ ఒకసారి సీలు మార్చినాడు, కారింది. ఇంగోటి తెచ్చి ఏసినాడు, మళ్లా కారింది. మా ఇంటాయనకు తిక్క రేగింది. "ఇంగొక్కసారి కారిందంటే దీన్ని పాత ఇనుము కింద తూకానికేసి, కంతుల మీద కొత్తది తెస్తా" అన్యాడు.

కొత్తదొస్తే నీకేం నొప్పి అంటారేమో. నేను ట్రాక్టరు తోలడం నేర్చుకునింది ఈ పాతదాని మీదనే. ఎందుకు నేర్పినాడో తెల్సునా? "ఇది యాడ గుద్దినా పోయేదేం లేదులే" అని! కొత్తదొచ్చిన్నాడే తాళంచెవి ఆయన జోబీలోకి పోతాది. నేను మళ్లా ఇత్తనాల గంప పెట్టుకోని ట్రాలీలో ఎనక కూర్చోవాల్సిందే. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది, ఎవురికీ చెప్పల్యా.

మూడోసారి భాయ్ పుల్లీ ఊడదీస్తాంటే పక్కనే కూర్చున్యా. "నెంబరు అదే అక్కా, సైజు అదే. ఇంగ నన్నేం జేయమంటావు?" అని తల పట్టుకున్యాడు. పుల్లీ మెడ మీద, సీలు అంచు ఆనుకునే చోట, వేలితో తడిమినా. గోరు తట్టుకునింది. ఇన్నేండ్లు పాత సీలు రాసుకోని రాసుకోని సన్నగా గీత పడిండాది. నా మణికట్టు చూసుకున్యా. గాజులు ఆడే చోట నాకూ నల్లగా గీత ఉండాది. ఎన్ని కొత్త గాజులేసుకున్యా జారి జారి ఆ చోటికే వస్తాయి. కొత్త సీలు కూడా పోయి పోయి ఆ పాత గీతలోనే కూర్చుంటాంది.

"భాయ్, సీలును కొంచెం పక్కకు కూర్చోబెట్టలేవా?" అని అడిగినా.

"ఇంత మందం సీలుకు పక్కన జాగా యాడుందక్కా? సన్నంది దొరికితే చూడొచ్చు."

అంతే. పాత సీలు కిరసనాయిలుతో తుడిచి, యాడన్నా పడిపోతాదని చేతికి ఏసుకోని వేంపల్లెకు ఆటో ఎక్కినా. ఆటోలో ఒకామె "యాడ తీసుకున్యావు పాపా ఈ గాజు, కొత్త మోడలా?" అంది. "శానా గట్టిది, కింద పడినా పగలదు" అని చెప్పినా.

ట్రాక్టరు సామాన్ల అంగడాయన నన్ను చూసి "ఎవురు పంపిచ్చినారమ్మా?" అన్యాడు.

"ట్రాక్టరే పంపిచ్చింది" అని, సీలు తీసి బల్ల మీద పెట్టినా. "ఇదే సైజు కావాల, ఇంతకంటే సన్నంది."

"ఇదేమన్నా గాజులంగడి అనుకుంటివా?"

"గాజులాయనయితే ఈపాటికి పది రకాలు చూపించేటోడు."

రోషమొచ్చి డబ్బాలు దించినాడు. ఒక నల్లది సన్నగానే ఉండాది గానీ నొక్కితే వంగల్యా. ఆ అటక మీద ఎన్నేండ్లు ఎండిందో ఏమో! "ఇది మా అత్తకంటే గట్టిగా ఉండాది, వద్దు" అన్యా. పక్కనున్నోళ్లు పకపకా నగినారు. అప్పుడు గోధుమ రంగుది తీసినాడు. వేడికి బాగా తట్టుకుంటాదంట. అంచు మెత్తగా ఉండాది, పగుళ్లు లేవు, లోపలి స్ప్రింగు కదలకుండా కూర్చోనుండాది. పాతదాని పక్కన పెట్టి చూస్తే లోపలా బయటా సమానం, మందం మాత్రం తక్కువ. చేతికేసి చూసుకోని, అదే కట్టిమ్మన్యా.

భాయ్ దాని అంచుకు నూనె రాసి, చెక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టి, పాత గీతకు ఇవతల కూర్చోబెట్టినాడు. వాన పడిన మర్నాడు సాయంత్రం దాకా నేనే చేను దున్నినా. ఇంటికొచ్చి ఇంజన్ కింద అట్ట పరిచినా. తెల్లారి చూస్తే అట్ట మీద ఒక్క చుక్క లేదు.

మా ఇంటాయన నమ్మల్యా. అట్ట ఎత్తి వాసన కూడా చూసినాడు. "భలే అయిందే బండి! ఇంగ కొత్తదెందుకు?" అన్యాడు. నా పానం లేచొచ్చింది. అంతలోనే చెయ్యి చాపినాడు.

"తాళంచెవి ఇయ్యి. బాగయింది గదా, ఇంగ నేనే తోల్తాలే."

కొత్తదొస్తే తాళంచెవి పోతాదని భయపడితి గానీ, పాతది బాగయితే కూడా పోతాదని నా బుర్రకు తట్టనే లేదు చూడు! అయినా నాకొక అలవాటుండాది. పిన్నీసులూ తాళంచెవులూ అన్నీ తాళిబొట్టుకే తగిలిచ్చుకుంటా. ట్రాక్టరుది కూడా ఆడనే ఉండాది. బయటికి తీసి చూపించినా.

"తీసుకో. రెండూ కలిపే తీసుకో" అన్యా.

చాపిన చెయ్యి ఎనక్కి తీసుకున్యాడు. ఇత్తనాల గంప ఎత్తుకోని పోయి ట్రాలీలో కూర్చున్యాడు.