బస్వమ్మ కాసిన గుట్ట

న్యాల్‌కల్ దాటి కర్ణాటక దిక్కు పోతే గుట్టకిందిపల్లె వస్తుంది. డెబ్బై రెండు కరువులో ఆ ఊరు గుట్టను నరుక్కుని బతికింది. ఆడవాళ్ళు మోదుగ, తునికి, ఏది దొరికితే అది కొట్టి, మోపులు కట్టి జహీరాబాద్ హోటళ్ళకు మోసుకుపోయేవాళ్ళు. అందరికన్నా పెద్ద మోపు బస్వమ్మది. మొగుడు పోయి, తమ్ముడు మహాదేవప్ప ఇంటికి చేరిన కొత్త అది. తిని కూర్చుంటుందన్న మాట పడకూడదని మగవాడి పని చేసేది.

కరువు పోయి వానలొచ్చేసరికి గుట్ట మీద మోడులు తప్ప ఏమీ మిగల్లేదు. వాన పడితే చాలు, ఎర్రనీళ్ళు రాళ్ళను దొర్లించుకుంటూ వచ్చి కింది చేల మీద పడేవి. తమ్ముడి జొన్నచేను ఏటేటా రాళ్ళమట్టితో మేట వేసింది. ఊరబావి శివరాత్రికే అడుగంటేది.

“మనమే కొట్టినం. మనమే పెంచాలె,” అంది బస్వమ్మ ఒకనాడు బావి దగ్గర.

“అందాంక మేకలేం తినాలె? నీ మాటలా?” అని పక్కింటి చెన్నమ్మ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

నవ్వనివాడు తమ్ముడొక్కడే. మర్నాడు పొద్దున్నే ఎడ్లబండి కట్టాడు. “యాడ ఎయ్యాల్నో సూపెట్టక్కా, రాళ్ళు నేను తెస్త,” అన్నాడు. నీళ్ళు ఉరికే చోటల్లా అక్కాతమ్ముళ్ళు అడ్డంగా రాతికట్టలు పేర్చారు. బండి ఎక్కలేని ఏటవాలులో ఎడ్లను విప్పి, మోకులు కట్టి బండలు ఈడ్పించారు. తెల్లెద్దు గిట్టలు చీరుకుపోతే మహాదేవప్ప పసుపూ నూనే పూసి, చెవిలో ఏదో చెప్పి మళ్ళీ తోలేవాడు.

రెండో వానకాలానికి కట్టల వెనక మట్టి నిలిచింది. చచ్చాయనుకున్న మోడుల పక్కన ఎర్రటి చిగుళ్ళు లేచాయి. అప్పుడు చెన్నమ్మ వచ్చింది, ఆమె వెనక మరికొందరు. బస్వమ్మ ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. గుట్ట మీద మేక ఎక్కకూడదు, గొడ్డలి లేవకూడదు, రాలిన పుల్లలే ఏరుకోవాలి. మాట తప్పిన మేకల్ని తానే తోలుకొచ్చి యజమాని గుమ్మం ముందు కట్టేసేది. దానికి తిట్లు తిన్నది, ఒకసారి దెబ్బలూ తిన్నది.

ఎనభైలు మొదలయ్యాక మొక్కల పథకం ఆఫీసరు ఇంద్రసేన జీపులో వచ్చాడు. చిన్నవయసు, మాట మెత్తన. కానుగ, ఉసిరి, చింత మొక్కలు ఇప్పించాడు. రచ్చకట్ట మీద నిలబడి, “పెంచినోళ్ళదే గుట్ట. గడ్డి మీది, పండ్లు మీవి. నా మాట నమ్మండి. చెట్లు నిలదొక్కుకునేదాకా మాత్రం గొడ్డును ఎక్కనియ్యొద్దు,” అన్నాడు. సర్పంచ్ గురులింగప్ప అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు.

గుట్ట మీదికి నెమళ్ళొచ్చాయి, కుందేళ్ళొచ్చాయి. ఒక తెల్లవారుజామున మహాదేవప్ప పరుగున వచ్చి అక్కను లేపుకుపోయాడు. పొద్దు పొడుస్తుంటే తునికి పొదల నడుమ ఒక జింక. దాని కడుపు కింద తల దూర్చి పాలు తాగుతూ పిల్ల. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

“మన అయ్య ఉన్నప్పుడు సూసిన అక్కా. మళ్ళ సూస్తననుకోలె,” అన్నాడు తమ్ముడు. బస్వమ్మకు ఏడుపు ఆగలేదు.

ఆ పిల్ల పెద్దదయ్యేలోపే మళ్ళీ కరువొచ్చింది. ఒక ఏడు వాన మొహం చాటేసింది, మరుసటి ఏడూ అంతే. చొప్ప అయిపోయింది. ఇళ్ళ కప్పుల మీది గడ్డి పీకి పశువులకు వేశారు. ఊళ్ళో గడ్డి ఉన్నది ఒక్క గుట్ట మీదే. మోకాలెత్తున ఎండి, గాలికి ఊగుతూ కింది నుంచి కనబడేది.

మహాదేవప్ప ఎడ్లు లేవలేక పడున్నాయి. ఆయన వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

“రెండు మోపులు కోసుకుంట. ఎడ్లను పైకి ఎక్కియ్యను. కోసుకొనే వస్త.”

“నువ్వు కోస్తే ఊరంత కోస్తది తమ్మీ. ఎన్క మేకలెక్కుతయ్. ఇన్నేండ్లది ఒక్క నెలల పోతది.”

“రాళ్ళు మోసింది గా ఎడ్లే గదక్కా.”

“జర ఓర్సుకో. వానొస్తది.”

ఆమె మాట కాదని గుట్టెక్కితే ఆపగలిగేవాళ్ళెవరూ లేరు. మహాదేవప్ప ఎక్కలేదు. తెల్లెద్దు నాలుక బయటపెట్టి చచ్చిపోయింది. రెండోదాన్ని కటికవాడు తోలుకుపోయాడు. ఊళ్ళో ఇంకెన్నో పశువులు పోయాయి. భార్య గిరిజమ్మను, పిల్లల్ని తీసుకుని మహాదేవప్ప కూలికి వలస పోతుంటే, గుమ్మంలో నిలబడ్డ ఆడబిడ్డతో గిరిజమ్మ అంది:

“అడవిల జింకకు పెట్టినవ్ వదినె. ఇంట్ల ఎద్దుకు పెట్టలే.”

ఆ తర్వాత వానలు పడ్డాయి. గుట్ట ఎన్నడూ లేనంత పచ్చబడింది. బావిలో చెయ్యి పెడితే నీళ్ళందాయి. తమ్ముడు మాత్రం రాలేదు.

లారీలొచ్చాయి. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దానికి మొరం, ఎర్రటి గరుకుమట్టి, కావాలి. గుట్టంతా మొరమే. కాంట్రాక్టరుకు ఊరి తరఫున సంతకం పెట్టినవాడు గురులింగప్ప. లారీల్లో రెండు ఆయనవే.

బస్వమ్మ బస్సెక్కి జహీరాబాద్ పోయి ఇంద్రసేన కోసం వెతికింది. బదిలీ అయ్యి ఎప్పుడో పోయాడు. ఆ కుర్చీలో ఉన్న కొత్తాయన విసుక్కోకుండానే చెప్పాడు. “మొక్కలే మావమ్మా. భూమి మాది కాదు.”

“మరి పెంచినోళ్ళదే అన్నడు గదా సారు?”

“ఎవరన్నారు? ఎక్కడ రాసుంది?”

తిరిగొచ్చి ఇల్లిల్లూ పిలిచింది, లారీలకు అడ్డం కూర్చుందాం రమ్మని. తలుపులు మూసుకున్నారు. చెన్నమ్మ మాత్రం బయటికొచ్చింది. “మా బర్రె సచ్చిననాడు నువ్వు గడ్డికి అడ్డం నిలబడ్డవ్. ఇయ్యాల లారీకి అడ్డం నిలబడుమంటున్నవ్. ఎన్నిసార్లు నిలబడాలె బస్వమ్మా?” అంది. తిట్టినట్టు కాదు, అలిసిపోయినట్టు అంది.

మర్నాడు ఊరంతా గొడ్డళ్ళతో గుట్టెక్కింది. ఎట్లాగూ పోయేదే, కాంట్రాక్టరు కన్నా ముందు మనమే కొట్టుకుందామని. కాయకు రాబోతున్న ఉసిరి చెట్లు కూడా నేలకూలాయి. బెదిరిన జింకలు చేలకు అడ్డం పడి ఉరికితే కుక్కలు ఒకదాన్ని పట్టుకున్నాయి. మిగతావి ఎటు పోయాయో మళ్ళీ కనబడలేదు.

బస్వమ్మ ఒక్కతే పోయి గుట్టెక్కే బండ్లబాటలో కూర్చుంది. లారీ ఆగింది. వెనక తొట్టిలో పారలు పట్టుకుని కూలీలు. వాళ్ళలోంచి మహాదేవప్ప దిగాడు. చిక్కిపోయి, గడ్డం నెరిసి ఉన్నాడు.

“లేవక్కా.”

“తమ్మీ, నువ్వు గూడనా?”

“నా పార గాకుంటే ఇంకోని పార. నా పిల్లలు తినాలె.”

“నీ ఎడ్లు ఈడ్సిన రాళ్ళున్నయ్ రా పైన.”

“నాకు యాదికుంది,” అన్నాడు. “నీ మాటిని గుట్టెక్కలే నేను. దొంగతనంగ కోసుకున్నోళ్ళ ఎడ్లు బతికినయ్. నాయి సచ్చినయ్. ఎవలికోసం దాపెట్టినవక్కా గా గడ్డి?”

ఆమె లేచిందో, అతనే లేపాడో చూసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. లారీ మాత్రం పైకి పోయింది.

గుట్ట సగం రోడ్డు కిందికి పోయాక పని ఆగింది. మిగిలిన గోతుల చుట్టూ నీలగిరి మొక్కలు నాటించడానికి ఆఫీసు వాళ్ళు కూలీలను పిలిచారు. బస్వమ్మ కూడా గడ్డపార పట్టుకుని పోయింది. ఇంట్లో గింజలు లేవు. “ఇవి మేకలు ముట్టవు, కావలి కూడా అక్కర్లేదు,” అన్నాడు సూపర్‌వైజరు సంబరంగా. ఆమె తలూపి, వంగి, మొదటి గుంత తవ్వింది.