వసుంధర రేపటికి వాయిదా

మా బసవపున్నారావు మావయ్య ఏ మాటనీ ఒక్కసారికి వదలడు. రాసిందే కాదు, అన్నది కూడా దిద్దుతాడు. భోజనాల దగ్గర "ఉప్పు అందుకో తులసీ" అంటాడు. అత్తయ్య చెయ్యి చాపేలోగా, "కాదు, 'ఆ ఉప్పు ఇలా జరుపు' అనాలి. ఇది బావుంది" అని తృప్తిగా తలాడిస్తాడు. ఆ తృప్తిలో ఉప్పు వేసుకోవడం మర్చిపోతాడు.

ఆయన పోస్టుకార్డుల్లో కొట్టివేతలు పోగా మిగిలేది చిరునామా ఒక్కటే. ఒకసారి అదీ దిద్దాడు. ముసునూరు వెళ్ళాల్సిన కార్డు చింతలపూడి చూసి వచ్చింది.

ఇలాంటి మనిషి నవల రాస్తే ఎన్నాళ్ళు పడుతుంది? పదకొండేళ్ళయినా చాల్లేదు. మొదట్లో కథానాయకుడు తహసీల్దారు. "కండక్టర్ల మీద ఎవరూ రాయరేంటండీ?" అని బస్సు కండక్టరు శౌరి అన్నాడని మర్నాటికి కండక్టరయ్యాడు. కాంపౌండరు ప్రభాకరరావుగారు ముఖం చిన్నబుచ్చుకున్నారని వారం తిరక్కుండా కాంపౌండరయ్యాడు. పాపం, ఆ కుర్రాడు జిల్లాలో ఉన్న ఉద్యోగాలన్నీ చేసేశాడు. మారనిది కథానాయిక వసుంధర ఒక్కతే.

ఎనభై నాలుగు వేసవిలో బెజవాడ వారపత్రిక ఒకటి నవలల పోటీ పెట్టింది. మే ముప్పై ఒకటి ఆఖరు తేదీ. మావయ్య ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. రోజూ చొక్కా మారేది గానీ జేబులో ప్రకటన మారేది కాదు. అప్పుడే ఎమ్మే తెలుగు పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న నన్ను శుద్ధప్రతి రాయడానికి ఆగిరిపల్లి పిలిపించాడు.

"రావే ఎమ్మేగారూ! ఈసారి నా పేరు అచ్చులో చూసుకోకపోతే ఇక కలం ముట్టను. కాదు... కలం వంక చూడను. ఇది బావుంది."

నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. కాగితాల మధ్య కూర్చోమంటే మాత్రం పండగే. ఎగిరి గంతేసి వచ్చాను.

వాళ్ళ మామిడితోటలో కాయ సర్దే పాకలో ఒక నల్లబల్ల ఉండేది. ఏ రకం ఎన్ని బుట్టలయిందో అత్తయ్య సుద్దముక్కతో దాని మీద రాసేది. మావయ్య అందులో సగం ఆక్రమించాడు. "లక్ష్యం నలుగురికీ కనపడాలే. అప్పుడే సిగ్గుపడి రాస్తాం" అన్నాడు. దాంతో ఆ బల్ల మీద ఇలా ఉండేది: "బంగినపల్లి 120. పెద్దరసాలు 40. చిన్నరసాలు 35. పేజీలు 5."

మధ్యాహ్నం కాగానే ఆ పేజీలు పాకలో చదివేవాడు. చుట్టూ గడ్డిలో కూర్చుని ఆడవాళ్ళు బుట్టలు నింపుతుండేవాళ్ళు. "వీళ్ళ ముఖాలు చూడకు, మర్యాదకి నవ్వుతారు. చేతులు చూడు. చేతులు ఆడుతున్నాయంటే ఆ పేజీ కొట్టేయ్. ఆగాయంటే ఉంచు" అని నాకు పాఠం చెప్పాడు. అయిదేళ్ళ చదువులో ఇంత పనికొచ్చే విమర్శ సూత్రం నాకెవరూ చెప్పలేదు.

"ఆయన నవల బాగుపడిన రోజున నా లారీ ఆలస్యమవుతుంది" అనేది అత్తయ్య.

ఒక్కరి చేతులు మాత్రం ఎప్పుడూ ఆగేవి కావు. మగ్దలేనమ్మవి. ముప్పై ఏళ్ళుగా కాయ సర్దుతున్న మనిషి. ఆమె కూతురు రిబ్కమ్మ నిండు నెలలతో బెజవాడ ఆసుపత్రిలో ఉంది. మంచం దిగొద్దన్నారట డాక్టర్లు. ఆదివారం ఆదివారం వెళ్ళి చూసొచ్చేది. మిగతా ఆరు రోజులూ తల వంచుకుని గడ్డి పరిచేది, కాయ పెట్టేది.

మే పదిహేనుకి నవల చివరి ప్రకరణం చేరింది. చప్పగా ఉంది. రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని, "మావయ్యా, వసుంధర చనిపోవాలి" అన్నాను.

మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అబ్బా! పదకొండేళ్ళు నాకు తట్టలేదే!" అని పరుగెత్తుకెళ్ళి బల్ల మీద రాశాడు: "ఇవాళ లక్ష్యం: వసుంధర పోవాలి."

ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాను. ఎమ్మే చదివినందుకు ఒక మనిషి ప్రాణం తీయగలిగాను!

ఆ మధ్యాహ్నం వసుంధరకి టైఫాయిడ్ వచ్చిన పేజీలు చదివాడు. నేను చేతులే చూస్తున్నాను. మొట్టమొదటిసారి మగ్దలేనమ్మ చేతులు ఆగాయి. పెద్దరసం ఒకటి అరచేతిలో అలాగే ఉండిపోయింది.

"ఈ పిల్ల పోద్దా అయ్యగారూ?"

మావయ్య కాగితాలు సర్దుకుంటూ, "ఇంకా రాయలేదు మగ్దలేనమ్మా" అన్నాడు.

సాయంత్రం బల్ల మీద "వసుంధర: రేపటికి వాయిదా" అని ఉంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

"ఎందుకు మావయ్యా?"

"ప్రభాకరరావు ఒప్పుకోవట్లేదే. టైఫాయిడ్‌కి క్యాప్సూల్స్ ఉండగా మనిషి పోవడమేంటండీ అంటున్నాడు."

"అయితే పచ్చకామెర్లు?"

"ఆకుమందుంది."

"మేడ మెట్ల మీంచి పడితే?"

మావయ్య సైకిలెక్కి వెళ్ళి అడిగొచ్చాడు. "ఎన్ని మెట్లని అడిగాడు. ఆరన్నాను. ఆరు మెట్లకి కాలు బెణుకుతుంది, అంతేనట!" ఆ వార్త చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది.

కాయకొచ్చిన చింతలపూడి లారీ డ్రైవరు బల్ల చదివి, అత్తయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ వసుంధరమ్మగారు మీకేమవుతారండీ?"

"సవతి. పదకొండేళ్ళ నుంచీ ఇంట్లోనే ఉంది" అంది అత్తయ్య. అతను మంచినీళ్ళు కూడా తాగకుండా లారీ తీశాడు.

ఇరవై తొమ్మిదో తారీఖున నాకు ఏడుపొచ్చేసింది. "మావయ్యా, ఒక్క పేజీ! అది రాసిస్తే నేనే బస్సెక్కి బెజవాడలో ఇచ్చొస్తాను!"

"ఎండలు మండిపోతున్నాయే. ఈ ఎండలో చావేంటి? కాదు... ఈ చావుకి ఎండేంటి? రెండూ బాలేవు" అన్నాడు. ఇది బావుంది అనకుండా ఆయన దిద్దుబాటు ముగించడం నేను వినడం అదే మొదలు.

ముప్పై ఒకటి సాయంత్రం జేబులోంచి ఆ ప్రకటన తీసి, నాలుగు మడతలు పెట్టి, పాక నిట్టాడి గుంజకీ కప్పుకీ మధ్య దోపాడు. బల్ల మీద రాశాడు: "పోటీ: పోయింది. వసుంధర: ఉంది."

నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడను గనక ఆయనకి ఆ సంగతి తెలియలేదు.

మూడో రోజు మగ్దలేనమ్మ దాదాపు పరుగున పాకలోకి వచ్చింది.

"అయ్యగారూ! మొన్న రాత్రి రిబ్క కాన్పయిందండి! ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు, పొద్దున్నే ఇంటికి తెచ్చేసుకున్నాం. ఇంక మీ ఇష్టం, ఆ వసుంధరని చంపేసుకోండి!"

పాకంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం సుద్దరాతలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"కథేనని తెలుసండి" అంది మగ్దలేనమ్మ నా వైపు చూసి సిగ్గుపడుతూ. "అయినా ఆ పిల్లా మంచం మీదే, మా పిల్లా మంచం మీదే. పొద్దున్నే వచ్చి అమ్మగారి చేత ఈ బల్ల చదివించుకునేదాన్ని. వాయిదా అంటే, హమ్మయ్య, ఇవాళ్టికి గడిచిందనుకునేదాన్ని. పాస్టరుగారి చేత ఇద్దరి పేరునా ప్రార్థన చేయించానండి. వసుంధరది ఏ ఊరని అడిగారు."

"ఏం చెప్పావ్?" అన్నాడు మావయ్య.

"ముసునూరన్నానండి."

"ముసునూరు..." మావయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఇది బావుంది. వసుంధరది ముసునూరే."

అని నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పవే ఎమ్మేగారూ. అడ్డేం లేదు. చంపేద్దామా?"

పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. చెమటలు పట్టాయి. లేచి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, బల్ల మీద రాశాను: "ఇవాళ లక్ష్యం: వసుంధరకి పథ్యం పెట్టాలి."

మావయ్య వెనక్కి రెండడుగులు వేసి చదివాడు. తల అటొకసారి, ఇటొకసారి వంచాడు. నా చేతిలో సుద్దముక్క లాక్కుని, "పథ్యం" ముందు "బీరకాయ" అని చేర్చాడు.

"ఇది బావుంది."